మందు పలుచన

ముందే చెప్పేస్తున్నాను: ఆ మందు కలిపింది నేను. ఈ కాగితాల్లో ఇంకా కొందరిని తిట్టబోతున్నాను కాబట్టి మొదటి తిట్టు నేను తినడం న్యాయం.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "మీ సర్వీసులో గొప్ప సంగతి ఏదైనా చెప్పండి" అంటారు. గొప్ప సంగతులు నా దగ్గర లేవు. ఒక్క ఇంగ్లీషు మాటతో ఒక మంచి పనివాణ్ణి బద్నాం చేసిన సంగతి ఉంది. ఆ మాట కాన్సంట్రేషన్. ఇప్పుడు బడిపిల్లల నెత్తిన రోజుకు పదిసార్లు మొట్టుతున్నారే, అదే. దాని అర్థం నాకు తెలిసేసరికి నలభై ఏళ్లు దగ్గరపడ్డాయి. తెలిసిన రోజు నుంచి ఇవాళ్టి వరకు ఆ మాట వింటే నా ఒళ్లు మండుతుంది.

మాది కరీంనగర్ జిల్లా, గోదావరి ఒడ్డు పల్లె. హైదరాబాదు రాజ్యం ఇంకా ఉండగానే దోమల మందు చల్లే పనిలో చేరాను. మమ్మల్ని ఆసిఫాబాద్ దిక్కు అడవి గూడేలకు పంపారు. ఇద్దరిద్దరం ఒక జత. నేను బకెట్టులో డీడీటీ పొడి కలిపి, కాలితో పంపును తొక్కిపట్టి చేత్తో కొట్టేవాణ్ణి. నా జతగాడు పంపు గొట్టం చివరి పొడుగు కడ్డీ పట్టి గోడల మీద చల్లేవాడు. చల్లిన తర్వాత గోడ మీద గేరుతో, అంటే జేగురు రంగుతో, తేదీ వేయాలి. చీపుళ్లు, మంచాలు, గింజల కాగులు బయటికి మోయించాలి. ఇంటామెతో తిట్లు తినాలి. అదీ ఉద్యోగం.

నా జతగాడిది నిర్మల్. నాకంటే పదేళ్లు పెద్ద. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు, చుట్టరికం ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి కొయ్యబొమ్మలకు రంగులు వేసిన చెయ్యి ఆయనది. గోడకు జానెడున్నర దూరంలో కడ్డీని పై నుంచి కిందికి దించితే చార నిట్టనిలువుగా పడేది. పక్క చార దానికి రెండు వేళ్లు ఎక్కేది. వదిలిన జాగ ఉండేది కాదు, కారిన జాగ ఉండేది కాదు. ఆయనకు ఒక్క అక్షరం రాదు, నాకూ రాదు. అయినా ఆఫీసు చీటీలో అంకెలు చూపిస్తే చాలు, ఆయన వేసిన తేదీ అచ్చు కొట్టినట్టుండేది.

"బొమ్మ ముక్కు, ఏడు అంకె, నాకు రెండూ ఒక్కటే అల్లుడా. చూపెట్టు, దించుత" అనేవాడు.

ఆడవాళ్లతో మాకు ఎప్పుడూ ఒకటే పంచాయితీ. మందు చల్లిన గోడను అలకొద్దు. అలికితే మందు మట్టి కిందికి పోయి దోమ బతుకుతుంది. వాళ్లకేమో తెల్లమరకల గోడ ఉండటం నామోషీ. మేము ఇటు తిరగగానే ఎర్రమట్టి, పేడ కలిపి అలికేసేవాళ్లు. ఒకసారి ఒకామెను మామ బతిమాలాడు.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత, పండుగ దాంక గోడ ముట్టకు."

"నీ ఇంటి గోడ గిట్లనే ఉంచుతవా? నీ పెండ్లాం ఊకుంటదా?"

మామ కడ్డీ దించాడు. "ఊకోదు. అది నాకన్న ముందే అలుకుతది" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ ఒక్క ఇల్లు మాత్రం అలకలేదు.

అసలు సంగతికి వస్తాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి ఇది. రోడ్డు పక్కన ఒక గూడెం ఉండేది. అది అక్కడ పుట్టిన గూడెం కాదు. పోలీసు చర్య తర్వాత, అడవుల్లో తిరుగుబాటును అణిచే రోజుల్లో, లోపల వాగుల వెంట విడివిడిగా బతికినవాళ్లను తెచ్చి రోడ్డు దగ్గర ఒక్కచోట కూర్చోబెట్టారు. చూరుకు చూరు తగిలేటట్టు గుడిసెలు. దోమకు అంతకంటే పండుగేముంది? ఒక గుడిసెలో జ్వరం మొదలైతే వారంలో వాడంతా వణికేది.

ఆ ఏడు పొడి తెచ్చే లారీ రాలేదు. వానలు దగ్గరపడ్డాయి. వాగులు పొంగితే దారులు బందు. ఫలానా తేదీలోగా ఇన్ని గూడేలు పూర్తి కావాలని పైనుంచి హుకుం ఉంది. మా ఇన్‌స్పెక్టరు మా జిల్లావాడే. ఇంగ్లీషు చదివినవాడు, సైకిలు మీద వచ్చి సైకిలు మీద పోయేవాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"రెండు డబ్బాల జాగల ఒక డబ్బా వెయ్యి."

"సగమేనా సార్?"

"సగమే. నీళ్లకేం కరువు? వాగు పారుతలేదా? గోడ తడిసిందా లేదా, తేదీ పడ్డదా లేదా, గంతే. నువ్వు ఎక్కువ పరేషాన్ కాకు."

నేను వేశాను. పాలలో నీళ్లు పోసేవాడికైనా తనేం చేస్తున్నాడో తెలుస్తుంది. నాకూ తెలుసు. భయపడ్డాను, వేశాను.

మామకు నేను చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. మొదటి గుడిసెలో నాలుగు చారలు వేసి ఆగాడు. గోడ మీద వేలు పెట్టి రాసి, వెలుతురుకు పట్టి చూసుకున్నాడు.

"అల్లుడా, మందు పలుచగున్నది. గోడకు అంటుతలేదు, జారుతుంది."

"పై నుంచి గట్లనే చెప్పిండ్రు మామా."

ఆయన ఆ రోజు నుంచి చెయ్యి నెమ్మది చేశాడు. ఒక చార వేసి, ఆరనిచ్చి, దాని మీదే మళ్లీ దించేవాడు. సగం మందును రెండుసార్లు పూస్తే పూర్తి మందవుతుందని ఆయన లెక్క. రోజుకు కావాల్సిన ఇళ్లలో సగమే అయ్యేవి. ఇన్‌స్పెక్టరు వచ్చి అరిచాడు. "ఏమయ్యా, నిద్రపోతున్నవా? మనసు యాడ పెట్టి చల్లుతున్నవ్?" అన్నాడు. ఒక్క పూతతోనే ముందుకు పొమ్మని పక్కన నిలబడి మరీ చేయించాడు. ఆ రోడ్డు పక్క గూడెం అట్లా ఒక్క పూతతో పోయింది.

నెల తిరగకముందే అక్కడ జ్వరాలు వచ్చాయి. కొన్ని గుడిసెల్లో పొయ్యి ముట్టించే మనిషి కూడా లేవలేదు. మాకు పేరూ ఊరూ అడక్కుండా చల్ల పోసిన ఒక ముసలమ్మ పోయింది.

హైదరాబాదు నుంచి ఒక పెద్ద డాక్టరు తనిఖీకి వచ్చాడు. ఆయన మనుషులతో తక్కువ, గోడలతో ఎక్కువ మాట్లాడేవాడు. ఒక గాజు గ్లాసులో దోమలు పట్టి, దాన్ని గోడకు బోర్లించి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. మందు సరిగ్గా ఉంటే దోమలు రాలాలి. రాలలేదు. గ్లాసు తీయగానే ఝుమ్మని లేచి ఆయన చెవి పక్క నుంచే పోయాయి. తర్వాత మామను ఒక గోడ చల్లమని చూశాడు. చూసి తల ఊపాడు. నా బకెట్టులోకి తొంగి చూసి అడిగాడు.

"బకెట్టుకు ఎంత పొడి వేస్తున్నావు?"

నేను నోరు తెరిచాను. ఇన్‌స్పెక్టరు, "రూలు ప్రకారమే సార్" అన్నాడు. నేను నోరు మూశాను. డాక్టరు మా ఇద్దరినీ చూశాడు, నమ్మలేదు. తనిఖీ పుస్తకం తెమ్మని ఇంగ్లీషులో పేజీ నిండా రాసి నా చేతికిచ్చాడు. దాన్ని నేను నా రేకుపెట్టెలో పెట్టుకున్నాను. పోతూ పోతూ ఆసిఫాబాద్ ఆఫీసుకు ఒక చిన్న చిట్టీ పంపాడు. అటు నుంచి ప్రాణహిత దిక్కు పోయి, ఆ జ్వరమే తగిలి, హైదరాబాదు ఆసుపత్రిలో చేరాడు. మళ్లీ ఈ జిల్లాకు రాలేదు.

ఆ చిట్టీలో రెండే ముక్కలు. ఫలానా గూడెం, కాన్సంట్రేషన్ పూర్. బాధ్యులెవరో చూడండి.

ఆఫీసులో హెడ్ క్లర్కు కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. చెడ్డవాడు కాదు. ఎప్పుడూ బల్ల మీద నుంచి తల ఎత్తనివాడు, అంతే. అతను చదువుకున్న బడిలో ఆ మాటకు ఒక్కటే అర్థం చెప్పినట్టున్నారు. ఎవరి కాన్సంట్రేషన్ పూర్ అని ఇన్‌స్పెక్టరును అడిగాడు. ఇన్‌స్పెక్టరుకు ఇంగ్లీషు వచ్చు, బకెట్టు సంగతి తెలుసు, రెండు క్షణాల్లో సరిచేయొచ్చు. సరిచేయలేదు. "చల్లేటోడే సార్. చెయ్యి నెమ్మది, మనసు పని మీద ఉండదు. నేనే ఒకసారి మందలించిన" అన్నాడు. మామ రెండో పూత వేసిన మంచితనమే ఆయన నేరానికి సాక్ష్యమైంది.

చదువు లేనివాడు తప్పు చదివితే నవ్వుతారు. చదువుకున్నవాడు తప్పు చదివితే అది ఆర్డరవుతుంది.

విచారణ రోజు మమ్మల్నిద్దరినీ ఆసిఫాబాద్ పిలిపించారు. లోపలికి పోకముందే ఇన్‌స్పెక్టరు నన్ను వరండాలో ఆపాడు. నా వాంగ్మూలమని ఒక కాగితం చూపించాడు.

"మందు రూలు ప్రకారం కలిపినట్టు నీ బయాను. జర వేలుముద్ర వెయ్యి."

"మామకు ఏమన్న అయితదా సార్?"

"ఏం గాదు. నువ్వు వెయ్యకుంటే మాత్రం నీకైతది."

ఆ కాగితంలో మొదటి సగం అబద్ధమని తెలిసే వేశాను. రెండో సగంలో "చల్లేవాడు పరధ్యానంగా ఉండేవాడు, నేను చాలాసార్లు హెచ్చరించాను" అని ఉందని నాకు తెలియదు. తెలియదన్నది నిజమే. కానీ మిగతా సగం చదివి వినిపించమని నేను అడగలేదన్నదీ నిజమే.

లోపల హెడ్ క్లర్కు నిలబడి చదివాడు. "విధి నిర్వహణలో ఏకాగ్రతా లోపం కారణంగా..."

మామ చేతులు కట్టుకుని అడిగాడు. "ఏకాగ్రత అంటే ఏంది సారూ? ఆగ్రా దిక్కు ఊరా?"

గుమాస్తాలు నవ్వారు. క్లర్కుకు కోపం వచ్చింది. "మనసు పని మీద పెట్టడమయ్యా! నీ మనసు పని మీద లేదని పై నుంచి రాశారు."

"నా మనసు పని మీద లేకుంటే యాడున్నది సారూ? నాకు పొలమా, పుట్రా? పొద్దంత గోడ ముందరనే నిలబడుత. గోడను తప్ప నా కండ్లు ఏం చూసినయ్?"

"అదంతా నాకు తెలియదు. కాగితం చెబుతోంది."

"కాగితం కాదు సారూ. గోడను అడుగుండ్రి."

ఎవరూ అడగలేదు. గోడ ఇరవై మైళ్ల దూరంలో ఉంది, కాగితం బల్ల మీద ఉంది.

మామను తీసేశారు. బయటికి వచ్చి కడ్డీని నూనెగుడ్డతో తుడిచి, మూతి చిల్లు పూడకుండా పుల్లతో శుభ్రం చేసి నా చేతికిచ్చాడు. చాయ్ తాగుదాం రమ్మన్నాడు. తాగాం. ఒక్క మాట అడగలేదు. నిర్మల్ పోయే బస్సు ఎక్కి, "పైలం అల్లుడా" అని నాకే జాగ్రత్త చెప్పాడు. అప్పటి నుంచి నేను ఎంతమందితో జత కట్టినా, వాళ్ల చారల మధ్య వదిలిన జాగలే నా కళ్లకు కనిపించేవి.

అక్షరాలు నేర్చుకోవాలనే పట్టు నాకు అప్పుడు పుట్టింది. ముప్పై దాటిన మీసాల మనిషి పలక పట్టుకుని పోతే ఎవరు చేర్చుకుంటారు? మా క్యాంపు పక్క బడిలో ఒక పంతులమ్మ ఉండేది. ఆమెదీ కోస్తానే. మధ్యాహ్నం పిల్లలు అన్నానికి పోయినప్పుడు రమ్మంది. అ ఆలు రెండు నెలలు పట్టాయి. ఒత్తులకు ఇంకో ఆరు నెలలు. "మీరు రాయడం లేదు, దున్నుతున్నారు" అనేది నా పలక చూసి. తెలుగు అయిన తర్వాత ఇంగ్లీషు అక్షరాలు కూడా పెట్టించుకున్నాను. నా బుర్రకు అవి ఏళ్లు పట్టాయి.

మామను తీసేసిన ఏడేళ్లకు పని తీరు మారింది. ఇంటింటికీ తిరిగి జ్వరమొచ్చినవాళ్ల రక్తం చుక్క గాజుపలక మీద తీసుకునే పద్ధతి వచ్చింది. పాత సామాన్లు అప్పజెప్పమన్నారు. రేకుపెట్టె ఖాళీ చేస్తుంటే ఆ తనిఖీ పుస్తకం చేతికొచ్చింది. ఆ పేజీ తెరిచాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. ఒకే పొడుగాటి మాట, ఒకే పేజీలో, మూడుసార్లు ఉంది. పుస్తకం చంకన పెట్టుకుని బడికి పోయాను.

పంతులమ్మ ఒకసారి తనలో చదువుకుంది. తర్వాత నాకు తెలుగులో చెప్పింది. మొదటి చోట, ఈ గూడెంలో జనాన్ని ఒక్కచోట కుక్కారు, కాబట్టి జ్వరం త్వరగా పాకుతుంది అని. రెండో చోట, బకెట్టులో మందు పలుచన, కలిపించినవాళ్లను విచారించాలి అని. మూడో చోట, కడ్డీ పట్టిన మనిషి ధ్యాస మెచ్చుకోదగ్గది, ఇంత శ్రద్ధగా చల్లినవాణ్ణి నేను చూడలేదు అని.

"మూడింటికీ ఒకటే మాటనా అమ్మా?"

"ఒకటే మాట. పక్కన ఏముందో చూసి అర్థం చేసుకోవాలి."

పక్కన ఏముందో చూడాలి. నా పక్కన మనిషి ఉన్నాడు, నేను చూడలేదు.

నాకు ఎక్కువ మండింది ఏమిటంటే, ఏడేళ్లు ఆ పేజీ నా పెట్టెలోనే ఉంది. వాగులు దాటేటప్పుడు తడవకుండా నెత్తి మీద పెట్టుకుని మోశాను. ఇన్‌స్పెక్టరు దాన్ని ఎందుకు చింపలేదని మీరు అడగొచ్చు. పేజీలకు అంకెలుంటాయి, చింపితే దొరుకుతాడు. అయినా చింపాల్సిన అవసరమేముంది? మోసేవాడికి చదువు రాదు. మా చదువులేనితనమే వాడికి ఇనప్పెట్టె.

ఆసిఫాబాద్ పోయాను. ఇన్‌స్పెక్టరు అప్పటికి ఇంకో మెట్టు ఎక్కి కుర్చీలో కూర్చున్నాడు. పుస్తకం బల్ల మీద పెట్టి, వేలు పెట్టి, నేనే చదివాను. నేను చదువుతుంటే ముందు ఆశ్చర్యపోయాడు. తర్వాత కిటికీ దిక్కు చూశాడు.

"మీకు ఆ దినమే తెల్సా సార్?"

"తెల్వకేం."

"తెల్సి ఊకున్నరా?"

"ఏం చెయ్యమంటవ్? నాకూ పిల్లలుండిరి. ఏడేండ్ల కింది ముచ్చట, గిప్పుడు తవ్వితే నీ వేలుముద్ర కూడ బయటికొస్తది. సోచాయించుకో."

"రానియ్యుండ్రి" అన్నాను. నా సర్వీసు మొత్తంలో పైవాడికి చెప్పిన మంచి జవాబు అదొక్కటే.

హెడ్ క్లర్కు దగ్గరికి పోయాను. అతను పేజీ చదివి, బీరువా నుంచి లావుపాటి డిక్షనరీ తీసి, ఆ మాట వెతికి, కిందికంతా చదివి, మూసేశాడు. "నాకు ఒక్క అర్థమే తెలుసు" అన్నాడు చిన్న గొంతుతో. నాకు జాలి వేయలేదు. డిక్షనరీ ఆ రోజూ ఆ బీరువాలోనే ఉంది. అతనే కూర్చుని అర్జీ రాశాడు, నేను సంతకం పెట్టాను. మూడు నెలలకు జవాబు వచ్చింది. సంబంధిత ఉద్యోగికి పునర్నియామక వయసు మించిపోయినందున, ఫైలు ముగించడమైనది. తప్పు జరిగిందని లేదు, జరగలేదని లేదు. ముగించడమైనది, అంతే. ఎవరు ముగించారో కూడా చెప్పని వాక్యం అది. అక్షరాలు వచ్చిన తర్వాత నేను నేర్చుకున్న కొత్త సంగతి ఏమిటంటే, మనకు చదవడం వచ్చినా, మనకు దొరకకుండా రాయడం కూడా వాళ్లకు వచ్చు.

ఆ జవాబు పట్టుకుని నిర్మల్ పోయాను.

మామ జుట్టు తెల్లబడింది. అరుగు మీద కూర్చుని కొయ్య పండ్లకు రంగు వేస్తున్నాడు. అత్త నీళ్లిచ్చింది. డాక్టరు రాసింది మొత్తం చదివి వినిపించాను. మూడో చోటు చదువుతున్నప్పుడు ఆయన కుంచె ఆగింది.

"ఇంకోపారి చదువు."

చదివాను. అత్త తలుపు పట్టుకుని, "ఏడేండ్ల సంది గీ వాడల, మనసు పెట్టక కొలువు పోగొట్టుకున్నడు అని ఈయనను ఎంత పలుచన చేసిండ్రో నీకు తెల్వదు కొడుకా" అంది. అప్పుడు నేను అసలు మాట చెప్పాను. వేలుముద్ర నాదే మామా అన్నాను. చెప్పి నేల చూశాను.

"నాకెర్కే" అన్నాడు.

"ఎట్ల ఎర్క?"

"ఆ దినం చాయ్ తాగినం గద. నీ బొటనవేలికి సిరా ఉండె. ఆ వేలు కనవడకుంట కప్పు ఎడమ చేత పట్టుకున్నవ్. గోడ మీద ఒక్క చార తప్పితె కనిపెట్టేటోని, గది కనిపెట్టనా?"

ఆయన లేచి గేరు కలుపుకొచ్చి, సన్న కుంచె తీశాడు. "రాసియ్యి అల్లుడా, దించుత. మన తేదీలు వేసినట్టు గోడ మీద వేస్త. పొడుగు వద్దు."

నేను పలక ముక్క మీద నా దున్నుడు అక్షరాలతో రాసిచ్చాను. ఆయన దాన్ని చూస్తూ, తలుపు పక్కన జానెడు జాగలో, ఒక్క గీత వణక్కుండా దించాడు. నా వంకర అక్షరాలు ఆయన చేతిలో బొమ్మల్లా నిలబడ్డాయి.

మందు పలుచన. మనిషి కాదు.

"ఏమున్నది దాంట్ల?" అని అత్త అడిగింది. చదివి చెప్పాను. ఆమె లోపలికి పోయింది.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత నేను రెండుసార్లు నిర్మల్ పోయాను. అత్త ప్రతి పండుగకూ ఇల్లంతా ఎర్రమట్టితో అలుకుతూనే ఉంది. తలుపు పక్కన ఆ జానెడు జాగను మాత్రం చుట్టూ గీత గీసినట్టు వదిలిపెట్టింది.